చెరువుకు ఎగువన ఏ చెట్లు నాటుదాం?



పోయిన సంవత్సరం ఇదే సమావేశంలో నేనే లేచి, "చెరువు పైన వాలు ఖాళీగా ఉంది, నీలగిరి పెడదాం. చెట్లుంటే చెరువుకు నీళ్లొస్తాయి, కట్టె అమ్మితే సంఘాలకు డబ్బూ వస్తుంది" అన్నాను. మీరు చప్పట్లు కొట్టినారు. ఆ మాట వెనక్కి తీసుకోవడానికే ఈరోజు నిలబడినాను.

మన వైపు ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మన ఎండ, గాలి కలిసి పీల్చుకోగలిగింది దానికి మూడింతలు. అందుకే పడిన వానలో ఎక్కువ భాగం నేల నుంచి, ఆకుల నుంచి ఆవిరై మళ్లీ పైకే పోతుంది. మిగిలిన కొంచెమే వంకలో పారేది, బోరులోకి దిగేది. లెక్క కోసం నూరు బిందెల వాన అనుకోండి. తొంభై పైకి పోయి, పది చెరువుకు వస్తున్నాయి. ఎగువన దాహం ఎక్కువున్న చెట్లు పెడితే అవి ఇంకో ఐదు బిందెలు తాగినాయనుకోండి. నూటికి ఐదు ఒక లెక్కా అనిపిస్తుంది. చెరువుకు మాత్రం సగం పోయినట్టే! మలెనాడులో వాన మనకు ఎన్నో రెట్లు, అక్కడ చెట్టు తాగినా ఏటికి మిగులుతుంది. అక్కడి మాట మనకు కుదరదు.

శెనక్కాయ నాలుగు నెలల పంట, పీకితే దాని తాగుడు ఆగిపోతుంది. మన కొండల మీద పాత చెట్లు చాలావరకు ఎండాకాలానికి ఆకు రాల్చి ఊరుకుంటాయి. నీలగిరి, సర్కారు తుమ్మ అట్లా కాదు. వేరు లోతుకు దించి, ఏప్రిల్‌లో కూడా పచ్చగా ఉంటాయి. ఆ పచ్చదనం చూసి నేనూ మురిసిపోయేదాన్ని. ఎక్కడి నీళ్లు తాగి అంత పచ్చగా ఉన్నాయని ఏనాడూ అనుకోలేదు.

హిందూపురం పక్కన పారే పెన్న, ధర్మవరం చెరువును నింపే చిత్రావతి, రెండూ కర్ణాటకలో చిక్కబళ్లాపురం వైపు కొండల్లో పుట్టినవే. ఆ వైపు నీలగిరి తోటలు బాగా పెరిగినాయి. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటకూడదని నిషేధం పెట్టింది. పెన్న ఎండిందంతా నీలగిరి వల్లేనని నేననను. బోర్లు వేసింది మనుషులమే కదా. కానీ 1388లో ప్రతాప బుక్కరాయలు సింగయభట్టు చేత పెన్న నీళ్లకు పెనుకొండ వైపు కాలువ తవ్వించినాడని శాసనం ఉంది. కాలువకు మళ్లించేంత పారకం ఉన్న ఏరన్నమాట. ఇప్పుడు అదే పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరుకు కృష్ణా నీళ్లు ఎత్తిపోసి తెచ్చుకుంటున్నాం.

అట్లని వాలును బోడిగా వదలమనడం లేదు. బోడి నేల మీద వాన దబదబా దిగి, మట్టినంతా మోసుకొచ్చి చెరువులో పోస్తుంది. ఆ పూడిక తీయడానికి తట్ట మోసేది మనమే. వాలుకు అడ్డంగా కందకాలు, గట్ల మీద గడ్డి, సీతాఫలం పెడదాం. సీతాఫలం ఎండకు ఆకు రాలుస్తుంది, మేకలు కూడా ముట్టవు. కాయ గంపకెత్తి అమ్ముకోవచ్చు. కట్టె డబ్బు మాదిరి ఒక్కసారిగా చేతికి రాదు, అది నిజమే. ఆ డబ్బు నమ్ముకుని కొందరు అక్కలు అప్పు తీర్చే లెక్క కూడా వేసుకున్నారని నాకు తెలుసు. ఆశ పెట్టింది నేనే.

గ్రామసభలో ఉపాధి హామీ పనులు రాయించేటప్పుడు చెరువు పైవాలుకు నీలగిరి వద్దని, సర్కారు తుమ్మ తీసి కందకాలు తవ్వించాలని తీర్మానం పెడుతున్నాను. ఒప్పుకోని అక్కలు మొహమాటపడొద్దు. పొలంలో ఇప్పటికే నీలగిరి ఉన్నవాళ్లు ముందు మాట్లాడండి.