దీపాల వెలుగులో అమ్మ

మేముండేది ఒమాన్‌లో, మస్కట్ దగ్గర సీబ్ విలాయత్‌లోని మబేలాలో. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి కెమెరా. రెండోదానికి జీతం లేదు సరికదా, ఎదురు ఖర్చు; ఆ కథ మా ఆవిడ చెబితేనే బాగుంటుంది. చీకట్లో ఫోటోలు తీయడం గురించి చెప్పమన్నారు. నేను ఒక్క ఫోటో గురించే చెబుతాను.

2019 దీపావళికి అమ్మ మా దగ్గరే ఉంది. మేడ మీద పిట్టగోడ వెంట ప్రమిదలు పేర్చి వెలిగిస్తోంది. ఏసీ గదిలోంచి కెమెరా తెచ్చానో లేదో, సముద్రపు తేమకు లెన్స్ మీద ఆవిరి పట్టేసింది. మస్కట్ వాళ్ళందరికీ ఇది అనుభవమే. అరగంట ముందే సంచితో సహా బయట పెట్టుకోవాలి.

మన కన్ను దీపాన్నీ, దాని వెనక ముఖాన్నీ, ఆ వెనక గోడనీ ఒకేసారి చూడగలదు. కెమెరాకు ఆ శక్తి లేదు. దీపానికి సరిచేస్తే అమ్మ నల్లగా వస్తుంది, అమ్మకు సరిచేస్తే దీపం తెల్లటి ముద్దవుతుంది. అందుకని కెమెరాను స్టాండ్ మీద పెట్టి మూడు తీశాను. దీపానికి సెకనులో 60వ వంతు, ముఖానికి 15వ వంతు, గోడకు 4వ వంతు. ఒక్కోదానికి ముందుదానికంటే నాలుగింతల వెలుగు. దీన్నే బ్రాకెటింగ్ అంటారు. తర్వాత ఏ భాగం ఎందులో బాగుంటే అది తీసుకుని కలపాలి. కొత్త విద్యేమీ కాదు. 1850లలోనే ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే ఆకాశానికొక నెగటివ్, సముద్రానికొకటి వాడి ఒకే బొమ్మగా అచ్చువేశాడు. కంప్యూటర్‌తో కలిపే తేలిక పద్ధతిని మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ 2007లో ప్రచురించారు. ఉచితంగా దొరికే ఎన్‌ఫ్యూజ్ ఆ పద్ధతిలోనే పనిచేస్తుంది.

గోడ, దీపాలు చక్కగా వచ్చాయి. అమ్మకు మాత్రం మూడు కుడిచేతులు! కదలకుండా ఉండవే అంటే, "నూనె నువ్వు పోస్తావా?" అంది. చేసేది లేక ముఖం, చేతులు 15వ వంతు ఫోటో ఒక్కదాంట్లోంచే తీసుకున్నాను. అసలు చిక్కు అక్కడే వచ్చింది, నాయిస్.

వాన మొదలవగానే వాకిట్లో నాలుగు గిన్నెలు పెట్టండి. ఒకదాంట్లో మూడు చినుకులు పడితే పక్కదాంట్లో ఏడు పడతాయి. గంట కురిశాక చూస్తే అన్నిట్లో ఇంచుమించు ఒకే మట్టం. కెమెరాలో వెలుగు పడేదీ అలాగే. వెలుగు తక్కువైతే పక్కపక్క గడుల మధ్య తేడాలు కనిపిస్తాయి. ఆ గరుకే నాయిస్. ఒకే దృశ్యాన్ని నాలుగుసార్లు తీసి సగటు కడితే అది సగానికి తగ్గుతుంది, పదహారు తీస్తే పావుకు. గోడైతే పదహారుసార్లూ నిలబడుతుంది. అమ్మ నిలబడదు.

దాంతో సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తగ్గించే మీటను చివరిదాకా లాగాను. ముఖం నున్నగా మెరిసిపోయింది. అమ్మ చూసి, "బాగుందిరా. మరి నా పచ్చబొట్టేదీ?" అంది. చిన్నప్పుడు గడ్డం మీద పొడిపించుకున్న చుక్క. మసక వెలుగులో నాలుగు గడులంత ఆకుపచ్చ రంగు కనిపిస్తే, అది నాయిసో పచ్చబొట్టో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. "తర్వాత సరిచేస్తాలేమ్మా" అన్నాను. చేయలేదు.

సంక్రాంతికి ఊరెళ్ళింది. 2020 జూలైలో పోయింది. అప్పటికి ఒమాన్ నుంచి మామూలు విమానాలు ఆగిపోయి మూడు నెలలు దాటింది. వెళ్ళలేకపోయాను. "అన్నయ్యా, పెద్దకర్మకు మంచి ఫోటో పంపించు" అన్నాడు తమ్ముడు. సిద్ధంగా ఉన్నది ఆ నున్నటి ముఖమే.

ఆ రాత్రి పాత డిస్క్ తీశాను. అదృష్టం కొద్దీ అసలు రా ఫైళ్ళు చెరపలేదు. జేపెగ్ మాత్రమే ఉంచుకుని ఉంటే కెమెరా తనంతట తాను కొంత చెరిపేసి ఉండేది. గోడకు ఎక్కువసేపు తీసిన ఫోటో వాడాను, నీడల్లో గరుకు అందులోనే తక్కువ. ముఖం చుట్టూ గీత గీసి, రంగు నాయిస్ మీటను ఆ లోపల సున్నాకు దించేశాను. పచ్చబొట్టు వచ్చింది, గరుకూ వచ్చింది.

ఇప్పుడు ఈ కలపడాలన్నీ ఫోనే చేసేస్తోంది. 2018లో గూగుల్ పిక్సెల్‌కు వచ్చిన నైట్ సైట్ అలాంటిదే. ఎన్నో ఫోటోలు తీసి, కదలిక సరిచూసి, కలిపి చూపిస్తుంది. నేనూ వాడతాను. కానీ ఇంట్లో పెద్దవాళ్ళను తీసేటప్పుడు రా ఫైలు కూడా ఉంచుకోండి.

మర్నాడు తమ్ముడు ఫోన్ చేశాడు. "ముఖం మీద ఇసుక చల్లినట్టుంది అన్నయ్యా, స్టూడియో అతను శుభ్రం చేసిస్తానంటున్నాడు."

వద్దన్నాను.