హిప్పీలు: ఒక తరం తిరుగుబాటుకు మూలాలు

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల ఉత్సవ సభలో హిప్పీల ప్రస్తావన ఎందుకని కొందరికి సందేహం కలుగవచ్చును. 1970 దశకంలో మెడ దాకా జుట్టు పెంచిన కుర్రవానిని చూచి "ఏమిటా హిప్పీ క్రాపు?" అని మందలించని ఇల్లు మనలో అరుదు. 1971లో దేవానంద్ తీసిన 'హరే రామ హరే కృష్ణ' హిందీ చిత్రం చూచిన పిమ్మట, హిప్పీ అనగా గంజాయి దమ్ము, దిమ్మరితనం అని నిశ్చయించుకొన్నాము. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని అది వేళ్లను విడిచి కొమ్మలను మాత్రమే చూచిన నిజం.

మొదటి వేరు ఇంటిలోనే ఉన్నది. 1929 నాటి ఆర్థిక మాంద్యాన్ని, ఆపై రెండవ ప్రపంచ యుద్ధాన్ని అనుభవించిన అమెరికా తల్లిదండ్రులు తమ బిడ్డలకు లేమి తెలియరాదని కోరుకొన్నారు. అందులో తప్పేమీ లేదు. 1946 నుండి 1964 వరకు ఆ దేశంలో సుమారు 7 కోట్ల 60 లక్షల మంది శిశువులు జన్మించారు. నగరాల వెలుపల కొత్త కాలనీలు వెలసినవి. న్యూయార్కు సమీపాన 1947లో ఆరంభమైన లెవిట్‌టౌన్‌లో 17,000కు పైగా ఇళ్లు దాదాపు ఒకే అచ్చున లేచినవి. ఇల్లు, కారు, టెలివిజను అన్నీ అమరినవి. అయితే అక్కడి తొలి ఒప్పందాలు నల్లజాతి వారికి నివాసార్హత లేకుండ చేసినవి. బడిలో సమానత్వాన్ని వల్లె వేసిన ఆ తరం పిల్లలు మాటకూ చేతకూ నడుమనున్న దూరాన్ని గమనింపసాగారు.

రెండవ వేరు యుద్ధం. 1965 నుండి వియత్నాంకు అమెరికా సేనలు పెద్దయెత్తున తరలినవి. 18 ఏండ్లు నిండిన యువకుని నిర్బంధ సైనిక సేవకు పిలువవచ్చును. కాని అధిక రాష్ట్రాలలో అతనికి వోటు 21 ఏండ్లకు గాని రాదు. 1971లో రాజ్యాంగాన్ని సవరించిన దాకా ఇదే స్థితి. ఆ యుద్ధంలో మరణించిన అమెరికా సైనికులు 58,000కు పైగా ఉన్నారు. 'ఎందుకు?' అని కుమారుడు అడిగితే, తండ్రి వద్ద తృప్తికరమైన సమాధానం లేకపోయినది.

మూడవ వేరు ఇంకను పాతది. 1845లో వాల్డెన్ కొలను ఒడ్డున కుటీరం కట్టుకొని నిరాడంబరంగా జీవించిన థోరో భగవద్గీతను చదివినవాడు. 1890 దశకంలో జర్మనీ యువకులు పట్టణాలను విడిచి కొండలలో, అడవులలో సంచరించే సంఘాలు స్థాపించుకొన్నారు. 1957లో ప్రచురితమైన కెరూయాక్ నవల 'ఆన్ ది రోడ్' దేశసంచారాన్ని యువకుల స్వప్నంగా మార్చినది. అతని మిత్రుడైన కవి గిన్స్‌బర్గ్ 1962లో మన దేశానికి వచ్చి కలకత్తాలో, కాశీలో నివసించాడు.

ఇక్కడ మన వారినొకరిని స్మరింపవలెను. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి కాలిఫోర్నియాలోని ఓహైలో చిరకాలం నివసించి, ఏ గురువునూ ఆశ్రయింపక స్వయంగా పరిశీలించుకొమ్మని బోధించారు. తూర్పు దేశాల వైపు చూచిన యువతరంలో ఆయన ప్రసంగాలు విన్నవారు, గ్రంథాలు చదివినవారు ఎందరో. మత్తుపదార్థాల వలన కలిగే అనుభూతిని మాత్రం ఆయన అంగీకరింపలేదు.

ఈ వేళ్లన్నీ కలిసి 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని హైట్-యాష్‌బరీ పేటలో పూచినవి. ఆ వేసవిలో లక్షమంది వరకు యువజనులు అక్కడ చేరారని అంచనా. డిగ్గర్లు అనే బృందం ఉచితంగా అన్నం పెట్టినది. జూన్‌లో ఉచిత వైద్యశాల వెలసినది. కాని మత్తుమందులు, రోగాలు, ఆకలి అంతకంటె వేగంగా పెరిగినవి. అక్టోబరు 6న ఆ పేటవారే 'హిప్పీ'కి ఉత్తుత్తి శవయాత్ర జరిపారు. పల్లెలకు తరలి స్థాపించుకొన్న సమష్టి కుటుంబాలలోనూ స్వేచ్ఛను గురించిన చర్చ అందరిదీ, వంటయింటి చాకిరి మాత్రం చాలచోట్ల స్త్రీలదీ అయినది. అధిక భాగం కొద్ది సంవత్సరాలకే చెదిరిపోయినవి.

వారి ప్రశ్న సరియైనది. ఆ ప్రశ్నను నిలబెట్టే నిత్యకృత్యం వారికి కొరవడినది.

మన పెద్దలు 75 ఏండ్ల క్రిందట ఏమి చేశారు? పరభాషా ప్రాంతంలో పదిమంది దారిన పోక, మా బిడ్డలు మా భాషలోనే చదువుకొంటారన్నారు. అదియును ఒక తిరస్కారమే. కాని దానికి తోడుగా చందాలు ప్రోగుచేశారు, గోడలు కట్టారు, ఉపాధ్యాయుల జీతాలకు ప్రతి నెలా వెదకుకొన్నారు. అందుకే మనమీనాడు ఇచ్చట కూర్చొని ఉన్నాము.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. రేపు మీ అబ్బాయియో, అమ్మాయియో "ఇక్కడ తెలుగు ఎందుకు చదవాలి?" అని అడిగితే క్రాపును చూచి కసరుకొనకండి. ఆ ప్రశ్నకు కూర్చోబెట్టి సమాధానం చెప్పండి. మీకు తోచకపోతే, ఆ పిల్లలను వెంటబెట్టుకొని ఈ బడికి రండి. గురువులూ, పూర్వవిద్యార్థులమైన మేమూ కలిసి ఆలోచిద్దాము.