పెంట బలం పొలానికి దక్కాలె, చెరువుకు కాదు

లోన్ల గురించి, స్త్రీనిధి కిస్తుల గురించి ముందు మాట్లాడిన అక్కలు అన్నీ చెప్పిండ్రు. మేము పెంటకుప్ప గురించి చెప్తం. నవ్వకుండ్రి, ఇది గూడ పైసల ముచ్చటే.

పొద్దున లేస్తే పెండ తీసేది ఎవరు? మనమే. ఒక బర్రె రోజుకు పది పదిహేను కిలోల పెండ వేస్తది. ఏడాదంతా గంపలతో మోసి కుప్ప చేస్తం. ఎండాకాలంలో దాన్ని ట్రాక్టరుతో పొలానికి తోలి, చిన్న చిన్న కుప్పలు పోసి, మృగశిర దాకా అట్లనే వదిలేసుడు మన ఊళ్లల్ల అలవాటు. ఎండకు కొంత బలం గాలిలో కలిసిపోతది. మిగిలిన దాన్ని తొలి పెద్ద వాన కడుగుతది. దున్నని గట్టి నేల మీద నీళ్లు ఇంకవు, జారుతయి. పెంట రసం చాయ డికాషన్ లెక్క కాలువలోకి, ఆడికెంచి చెరువులోకి పోతది.

చలి దేశాలల్ల ఇదే సంగతి చలికాలంలో జరుగుతది. గడ్డకట్టిన నేల మీద పెంట చల్లితే, మంచు కరిగినప్పుడు అంతా కొట్టుకపోతది. అమెరికాల టొలిడో అనే పట్నం ఉంది. 2014 ఆగస్టులో అక్కడి ఈరీ సరస్సు నీళ్లల్ల విషపు నాచు పెరిగి, సుమారు నాలుగు లక్షల మందికి నల్లా నీళ్లు తాగొద్దని చెప్పిండ్రు. పొలాల నుంచి వచ్చిన ఎరువులు, పెంట దానికి పెద్ద కారణం. మరుసటి ఏడు అక్కడ గడ్డకట్టిన నేల మీద పెంట చల్లకుండ చట్టం తెచ్చిండ్రు. మనకు మంచు లేదు, తొలకరి ఉంది. అంతే తేడా.

యూరియాలో ఉండే నత్రజని, డీఏపీలో ఉండే భాస్వరం పెంటలో గూడ ఉంటయి. అవి చెరువుకు చేరితే నాచు, గుర్రపు డెక్క బలుస్తయి. నాచు చచ్చి కుళ్లితే నీళ్లల్ల ఆక్సిజన్ తగ్గి, తెల్లారేసరికి చేపలు తేలుతయి. చేపలమ్ముకొని కిస్తు కట్టే అక్కలు మన సంఘాలల్ల లేరా? మన చెరువులు కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు. పై ఊరి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది ఊరికే పోతయి.

మిషన్ కాకతీయలో చెరువు మట్టి పొలాలకు తోలుకున్నది యాదికుందా? మట్టి ఉట్టిగనే, ట్రాక్టర్ కిరాయి మాత్రం రైతుదే. ఆ మట్టికి బలం ఎక్కడిది? చాలామట్టుకు మన చెలకల నుంచి కొట్టుకపోయిందే. పోయిన దాన్ని కిరాయి పెట్టి మళ్ల తెచ్చుకున్నట్టు.

లెక్క చూడుండ్రి. మాగిన పెంట టన్నులో సుమారు 5 కిలోల నత్రజని ఉంటది. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు కొంచెం ఎక్కువ. అంటే నాలుగు టన్నుల పెంట ఒక్క బస్తాకు సమానం. "గింతేనా, బస్తా 266 రూపాయల యాభై పైసలే గదా" అంటరు. అది సర్కారు సబ్సిడీ ధర. బస్తా కోసం చెప్పులు లైన్ల పెట్టి నిలబడ్డ రోజులు ఆ ధరల కలవయి. పెంటలో పొటాష్ గూడ ఉంటది, నేల గుల్లబారుతది. యూరియా ఆ పని చెయ్యది.

చేసేది కష్టం కాదు. కుప్పకు బదులు నీడన మూడు ఫీట్ల గుంత తీసి, పెండతోటి పశువుల ఉచ్చ తడిసిన చెత్త గూడ అందులో వెయ్యాలె. ఉచ్చలో నత్రజని బాగుంటది, దాన్ని మనం మోరీల పారబోస్తం. గుంత నిండినంక మట్టితో మెత్తాలె. పొలానికి తోలిన రోజే చల్లి దున్నించాలె. ట్రాక్టర్ దొరకకుంటే తోలుడే ఆపుండ్రి, పెంట గుంతలోనే భద్రం. పెద్ద వాన ఉందని టీవీల చెప్తే ఆ రెండు రోజులు ఆగుండ్రి. కాలువ పక్కన, బాయి పక్కన కుప్ప పోయొద్దు. తాగే నీళ్లల్ల నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటొద్దు. దాటితే చంటిపిల్లలకు ప్రమాదం, నీళ్లు కాగబెట్టినా అది పోదు. నాట్లకు పోయినప్పుడు బాయి నీళ్లే తాగుతం గదా.

ట్రాక్టర్ పిలిచేది మొగోళ్లు, దున్నే రోజు చెప్పేది వాళ్లే. అందుకే ఒక్క ఇంట్ల చెప్తే నడవది, సంఘం మాటగ చెప్పాలె. వచ్చే వీఓ మీటింగుకు మీ ఊళ్ల కాలువ పక్కన ఎన్ని కుప్పలున్నయో రాసుకొని రండ్రి. పై ఊరోళ్లు, కింది ఊరోళ్లు ఒక్కదగ్గర కూసొని చూద్దాం.