బండిలో ఇన్వర్టరు

ఎర్రగుంట్ల ప్రాంతమువారికి విద్యుత్తు వింతవస్తువు కాదు. రాయలసీమ థర్మల్ అని అందరును పిలుచు విద్యుత్కేంద్రము మా మండలములోని కలమల్ల వద్ద 1994లో పని ప్రారంభించినది. అయినను, దాని పొగగొట్టములను చూచుచు బయలుదేరిన మేము, ఆ రాత్రియే గండికోటలో కొద్దిపాటి విద్యుత్తుకై పడిన కలతను నేడు చెప్పదలచితిమి.

నిరుడు శీతకాలమున ఒక పాత ట్రెయిలరులో పడకలమర్చి, చిన్న ఇల్లుగా చేసి, జీపునకు తగిలించుకొని గండికోటకు పోతిమి. మాతో వచ్చిన పెదనాయనగారికి ఉబ్బసము. మందును తుంపరగా మార్చి పీల్పించు యంత్రము ఆయనకు దగ్గర నుండవలెను. అందులకై ట్రెయిలరు ముందుభాగమున 12 వోల్టుల బ్యాటరీని, వెనుక పడక చెంత ఇన్వర్టరును బిగించి, రెంటిని ఇంటిదీపములకు వాడు తీగెతో కలిపితిమి. బ్యాటరీలోని ఏకముఖ ప్రవాహమును 230 వోల్టుల ఏకాంతర ప్రవాహముగా మార్చుటయే ఇన్వర్టరు పని. దీపము వెలిగినది, ఫ్యాను తిరిగినది. ఇంక కొదవ లేదనుకొంటిమి.

నడిరేయి పెదనాయనగారికి ఆయాసము వచ్చినది. యంత్రపు మీట నొక్కినంతనే ఇన్వర్టరు కూతపెట్టి ఆగిపోయినది. మరల నొక్కితిమి, మరల ఆగినది. మాలో నొకరు ఇన్వర్టరును ఊడదీసి బ్యాటరీ ప్రక్కకు తెచ్చి, జీపు కదలనప్పుడు వాడు పొట్టి, మందపు తీగెలతో తగిలించిరి. యంత్రము నడిచినది. ఆయన ఊపిరి నెమ్మదించువరకు ఎవరమును మాటాడలేదు.

తెల్లవారి లెక్క చూచుకొంటిమి. 150 వాట్ల యంత్రము 230 వోల్టుల వద్ద ఒక ఆంపియరైనను తీసికొనదు. అదే పనికి 12 వోల్టుల బ్యాటరీ, నష్టములతో కలిపి, సుమారు 15 ఆంపియర్ల నీయవలెను. మోటారు కదలు క్షణమున ఇంకను హెచ్చు కావలెను. సన్నని పొడవు తీగెలో వోల్టులు హరించుకొని పోగా, బ్యాటరీ వట్టిపోయినదని ఇన్వర్టరు భ్రమించినది. చెరువు నిండియున్నను తూము ఇరుకైనచో చేనికి నీరందదు గదా!

కావున ఇట్టి పనికి పూనుకొనువారు బ్యాటరీకి, ఇన్వర్టరుకు నడుమ తీగెను పొట్టిగను, మందముగను ఉంచవలెను. ధనధ్రువమునకు చేరువనే తగిన ఫ్యూజును అమర్చవలెను. ఛార్జి యగునప్పుడు సీసపు బ్యాటరీనుండి మండు స్వభావముగల హైడ్రోజను వెలువడును. దానిని ఇన్వర్టరుతో ఒకే మూసినపెట్టెలో నుంచరాదు, గాలి ఆడనీయవలెను. 100 ఆంపియరు-గంటల బ్యాటరీలో 1200 వాటు-గంటలున్నను, సగమే మనదని యెంచుట మేలు. 50 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగిన 400 అందులకే చెల్లును. జీపును కదలించు బ్యాటరీని మాత్రము ముట్టరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది పరీక్ష. మేము దీపము వెలిగించి చూచితిమే గాని, ప్రాణావసరమైన యంత్రమును నడిపి చూడలేదు. ఇప్పుడు పెదనాయనగారు ఇంటిముంగిటనే దానిని ఒకమారు ఆడించి చూచి గాని బండి యెక్కరు.