అమ్మేటప్పుడూ ధర వాళ్ళదే, కొనేటప్పుడూ ధర వాళ్ళదే

(అరకు లోయ కొండ గ్రామాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధరలు మండిపోతుంటే పట్నం పెద్దలు ఒక సలహా ఇస్తారు: ఖర్చు తగ్గించుకోండి, అనవసరమైనవి మానుకోండి అని. మనం ఏటి మానుకోవాలి? సంతలో మనం కొనేవి ఉప్పు, నూనె, పప్పు, ఉల్లిపాయలు, ఎండుచేపలు. నూనె చుక్కలకి వచ్చింది. పప్పు నీళ్ళయింది. ఇంకా తగ్గించమంటే తగ్గేది ఎవరి కూడు? అందరికీ పెట్టి ఆఖరున తినే ఆడమనిషి కూడు. ధరల దెబ్బ ముందుగా పడేది ఆమె కంచం మీదే.

నూనె సంగతే చూడండి. ఈ దేశం తినే నూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచి వస్తోంది. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ముడి పామాయిలు మీద మూల దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతం చేసింది. 2025 మే నెలాఖరులో 10 శాతానికి దించింది. ఢిల్లీలో సంతకం పడితే మన మూకుడు ఎండుతోంది. మరి మన కొండవాలుల్లో వలిసెలు పండటం లేదా? పసుప్పచ్చగా పూసినప్పుడు టూరిస్టులు వచ్చి ఫొటోలు దిగుతారు. ఆ గింజ నూనెగింజే కదా! మూటలు కట్టి కిందికి పంపేసి, పామాయిలు పేకెట్టు కొనుక్కుంటున్నాం.

అసలు ఉరి అప్పులో ఉంది. వానాకాలంలో ఇంట్లో గింజ నిండుకుంటే షావుకారి దగ్గర సరుకు అప్పు తెస్తాం. ఆయన ఖాతాలో రాసుకుంటాడు. చెట్టు మీదున్న చింతపండు అప్పుడే ఆయనదైపోతుంది. ఎండాకాలంలో పండు దులిపి మోసుకెళితే ధర ఎవరు చెప్తారు? ఆయనే. కాటా ఎవరిది? ఆయనదే.

ఈ దోపిడీ నుంచి తప్పించడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టారు. మన సరుకు కొనడం, మనకి కావలసిన సరుకు డిపోల్లో అమ్మడం, రెండూ జీసీసీ పనే. అడవి ఫలసాయం సేకరించుకుని అమ్ముకునే హక్కు మనదేనని 2006 అటవీ హక్కుల చట్టం చెప్పింది. 2020లో కేంద్రం గింజ చింతపండుకి కిలో 36 రూపాయలు మద్దతు ధర ప్రకటించింది. ఇవి ఎవరూ దయతో ఇచ్చిన బిచ్చం కాదు. అడగకపోతే మాత్రం కాగితం మీదే ఉండిపోతాయి.

అందుకని ఊరూరా ఈ పనులు మొదలుపెడదాం.

ఒకటి, ఊరికి ఒక కాటా. సంతకి వెళ్ళేముందు సరుకు ఊళ్ళోనే తూచుకోవాలి. లెక్క చూడండి: 40 కిలోల చింతపండు తూకంలో కిలోకి వంద గ్రాములు పోతే 4 కిలోలు పోయినట్టు. 36 రూపాయల చొప్పున 144 రూపాయలు! నూనె డబ్బులు అక్కడే పోయాయి.

రెండు, తిండిగింజ అమ్మొద్దు. 2023 జనవరి నుంచి రేషను బియ్యం ఉచితంగా ఇస్తున్నారు. మనిషికి నెలకి 5 కిలోలు, అంత్యోదయ కార్డుకి 35 కిలోలు. మనిషికి 5 కిలోలంటే రోజుకి 170 గ్రాములు కూడా కాదు. కష్టం చేసే మనిషికి ఒక పూట. ఆ బియ్యాన్ని నమ్ముకుని చోళ్ళు, సామలు, కందులు అమ్మేస్తే, అదే పప్పు రెట్టింపు ధరకి మళ్ళీ మనమే కొనాలి. ఏడాదికి సరిపడా, విత్తనాలతో సహా, దాచుకుని మిగిలిందే సంతకి దించుదాం.

మూడు, పది ఇళ్ళు కలిసి కొనాలి. అర్ధపావు, పావు లెక్కన కొన్నవాడికే ఎక్కువ ధర పడుతుంది. మహిళా సంఘం డబ్బుతో పప్పు బస్తా, నూనె డబ్బా తెచ్చి పంచుకుంటే ఆటో ఖర్చు కూడా పంచుకోవచ్చు. వానాకాలం అప్పుకి షావుకారి గుమ్మం ఎక్కకుండా ఆ సరుకే ముందుగా దాచాలి.

నాలుగు, గ్రామసభ తీర్మానం. 1996 పెసా చట్టం మన గ్రామసభకి బలమిచ్చింది. బియ్యంతో పాటు పప్పు, నూనె కూడా నెలనెలా తక్కువ ధరకి ఇవ్వాలని, కొనుగోలు ధరల బోర్డు కట్టాలని, తూచిన సరుకుకి రసీదు ఇవ్వాలని రాసి, వేలిముద్రలు వేసి పాడేరు పంపుదాం.

మైదానం నుంచి వచ్చిన దళిత సోదరులకి ఒక మాట. మీ పేటల్లో కూలి రేటు భూస్వామి చెప్తాడు, బియ్యం రేటు కొట్టువాడు చెప్తాడు. ఇక్కడా అంతే. ఖాతా పుస్తకం ఒక్కటే, పేర్లే వేరు. పొదుపు మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, పుట్టినప్పటి నుంచీ చేస్తున్నదే. ఇక నేర్చుకోవలసింది ధర అడగడం. ఒక్కడు అడిగితే కసురుతారు. ఊరంతా అడిగితే జవాబు చెప్తారు. కలిసి అడుగుదాం!