పాటకు రాత దొరికిన ఊరు

వీరభద్రస్వామి కొలువైన ఈ కురవికి తెలుగు వచన చరిత్రలో గట్టి స్థానం ఉంది. పదో శతాబ్దంలోనే ఇక్కడ తెలుగు వచనం రాతికెక్కింది. నన్నయకు ముందు మన వాక్యం ఎలా నడిచిందని ఎవరడిగినా చూపడానికి ఈ ఊరి కొరవి శాసనం ఉంది. మాటకు రాయి దొరికింది. మరి పాటకు ఏం దొరికింది? అందుకు జవాబుగా చెప్పదగ్గ ఒక ఘట్టం మదనపల్లిలో జరిగింది. అందులో ముఖ్యపాత్ర మార్గరెట్ కజిన్స్‌ది.

ఆమెను ఇంగ్లీషు దొరసాని అనుకునేవారు చాలామంది. నిజానికి ఆమె ఐర్లండు బిడ్డ. 1878లో పుట్టి, డబ్లిన్‌లో పియానో నేర్చి, 1902లో సంగీత పట్టా పొంది, సంగీతం పాఠాలు చెప్పి బతికిన మనిషి. స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడి జైలుకు వెళ్లింది. 1915లో భర్త జేమ్స్‌తో కలిసి మన దేశం వచ్చింది. అనీబిసెంట్ స్థాపించిన మదనపల్లి కళాశాలకు జేమ్స్ ప్రిన్సిపాల్ అయ్యారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ ఆ కళాశాలలో విడిది చేశారు. విద్యార్థుల కూటమిలో ఆయన జనగణమన పాడితే పిల్లలు పల్లవి అందుకున్నారు. మార్గరెట్ ఆ బాణీని యూరపు స్వరలిపిలో రాసుకుని వినిపించింది, కవి సరేనన్నారు. ఫిబ్రవరి 28న ఆ గీతానికి ఆయన అక్కడే ఇంగ్లీషు రూపం రాశారు. పాట ఆ కళాశాల ఉదయ ప్రార్థన అయింది.

జాతీయగీతానికి బాణీ కట్టింది ఈమేనని అక్కడక్కడా వినపడుతుంది. అది పొరపాటు, ఆ పొరపాటుతో ఆమెకు గౌరవం పెరగదు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలోనే ఆ పాట పాడారు. బాణీ టాగూర్‌ది. అయితే రాసినవారిది ఉత్త గుమాస్తా పనేనా అంటే, కాదంటాను. నోటిపాటను కాగితం మీదికి తేవాలంటే ఏ స్వరం ఎంతసేపు నిలవాలి, గొంతు ఎక్కడ జారింది, ఊపిరికి ఎక్కడ ఆగింది అని చెవి తేల్చుకోవాలి. పాట చివర గొంతు మెట్టు మెట్టుగా పైకెక్కే చోట మెట్ల లెక్క తప్పితే గుంపు కలిసి పాడలేదు. బెంగాలీ రానివారు, టాగూర్‌ను చూడనివారు కూడా ఒకే తీరున పాడగలగాలంటే ఆ లెక్క కాగితం మీద ఉండాలి. పైగా ఆ రాతను పాడినవాడే సరిచూశాడు. నా దృష్టిలో మదనపల్లి ఘట్టానికి ప్రాణం అదే.

ఐదు గీతల యూరపు పద్ధతిలో మన గమకం ఇముడుతుందా అని సంగీతజ్ఞులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పూర్తిగా ఇమడదు. కానీ ఆ లోటు మనవాళ్లను నోరు మూసుకుని కూర్చోనివ్వలేదు. 1893లో చిన్నస్వామి మొదలియారు మన కృతులను యూరపు లిపిలో అచ్చు వేశారు. ఆయన పట్టుబట్టడం వల్లే ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శినిని 1904లో తెలుగు లిపిలో వెలువరించారు. కంపితానికి ఒక గుర్తు, జారుకు ఒక గుర్తు, ఇలా గమకాలకు వేరువేరు గుర్తులు పెట్టి ముత్తుస్వామి దీక్షితుల కృతులను నిలబెట్టారు. పరాయి లిపి చాలలేదని తెలిశాకే మన లిపికి పదును వచ్చింది. అసలు పాశ్చాత్య సంగీతమూ మనదీ ఒకదాన్నొకటి అర్థం చేసుకోవాలన్నది మార్గరెట్ తపన. 1935లో ఆమె రాసిన ప్రాచ్య పాశ్చాత్య సంగీతాల పుస్తకానికి పునాది అదే.

పరాయి మనిషికి ఇంత పెద్దపీట ఎందుకని ఇంకొక ఆక్షేపణ. అఖిల భారత మహిళా సభ 1927లో ఏర్పడటానికి పూనుకున్నది ఆమె. 1932లో బ్రిటిష్ అత్యవసర చట్టాలను ఎదిరించి మాట్లాడినందుకు ఈ దేశపు జైల్లో ఉన్నది కూడా ఆమే. ఆమెను పరాయిదనడానికి నాకు నోరు రాదు.

ఇక మన గడప దగ్గరికి వద్దాం. ఈ చుట్టుపక్కల ఒగ్గు కథ ఉంది, శారద కథ ఉంది, లంబాడీ తండాల పాటలున్నాయి, కోయల డోలి మీద పలికే వీరగాథలున్నాయి. ఆ గాథలను గుండెలో మోసిన మణుగూరు సీమ సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఈ పాటలకూ రాత కావాలంటే, రికార్డింగు ఉంటే చాలదా అంటారు. రికార్డింగు ఒక రోజు పాడిన తీరును దాస్తుంది. ఏది మారకూడదో, ఎక్కడ గాయకుడికి స్వేచ్ఛ ఉందో చెప్పదు. గాయకుడిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగి రాసుకుంటేనే అది తెలుస్తుంది. కాబట్టి ఈ సభలో ఉన్న సంగీత ఉపాధ్యాయులను, పరిశోధక విద్యార్థులను కోరేది ఒక్కటే: మీ మండలంలో ఒక పెద్ద గాయకుడి దగ్గర కూర్చోండి, ఒక్క పాటకైనా తెలుగులో స్వరం రాయండి, రాసింది ఆయనకే పాడి వినిపించి సరే అనిపించుకోండి.