ఉబ్బసము - స్త్రీ పురుష భేదము



మన పల్లెలలో ఉబ్బసమును గుఱించి రెండు మాటలు వాడుకలో నున్నవి. మగపిల్లవాడు రొప్పుచున్నచో “మీసము వచ్చునప్పటికి పోవును లెండు” అందురు. ఆడుపిల్ల రొప్పుచున్నచో “పెండ్లియై యొక కాన్పైనచో సర్దుకొనును” అందురు. మొదటి మాటలో కొంత సత్యము కలదు. రెండవది నమ్మదగినది కాదు. ఏల యట్లో నేడు విచారింతము.

మన ఆయుర్వేదము శ్వాసరోగమును మహాశ్వాసము, ఊర్ధ్వశ్వాసము, ఛిన్నశ్వాసము, తమకశ్వాసము, క్షుద్రశ్వాసము అని యైదు విధములుగా విభజించినది. ఉబ్బసము తమకశ్వాసమునకు దగ్గఱ. నేటి వైద్యులు చెప్పు కారణమిది. దేహమునందు రక్షక కణములు కలవు. ఇవి ఊరి తలారుల వంటివి. దొంగను పట్టుట వీని పని. కాని కొందఱి దేహములలో నీ తలారులు ధాన్యపు దుమ్మును, పుప్పొడిని సైతము దొంగయని భ్రమించి కోలాహలము చేయును. ఇట్లు మాఱిన దేహధర్మమునకు వియన్నా నగర వైద్యుడగు పిర్కే 1906లో ‘ఎలర్జీ’ యని పేరిడెను. అపుడు మాస్టు కణములనునవి హిస్టమిన్ మొదలగు ద్రవ్యములను విడుచును. శ్వాసనాళములు వాచి, బిగిసి, కఫముతో నిండును. అదియే ఆయాసము.

ఇక స్త్రీ పురుష భేద మెక్కడిది? గ్రంథులనుండి వెడలి, రక్తమున గలసి, దూరపు టవయవములకు ఆజ్ఞలు గొనిపోవు రసములను 1905లో స్టార్లింగను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హార్మోనులనెను. పురుషులలో టెస్టోస్టెరోనును, స్త్రీలలో ఈస్ట్రోజను, ప్రొజెస్టెరోనులును ముఖ్యములు. మన తలారి కణములు కూడ వీని యాజ్ఞలను వినును. ఊపిరితిత్తులలో వాపును రేపు నొక జాతి కణములను టెస్టోస్టెరోను అణచునని అమెరికాలోను, ఫ్రాన్సులోను ఎలుకలపై జరిపిన పరిశోధనలు 2017లో తెలిపినవి. ఈస్ట్రోజను మాస్టు కణములను హిస్టమిన్ విడుచుటకు మఱింత పురికొల్పునని ప్రయోగశాలలలో కనుగొనిరి.

చిన్నతనమున ఉబ్బసము మగపిల్లలలో నెక్కువ. యౌవనము వచ్చిన పిదప స్త్రీలలో నెక్కువ. కొందఱు స్త్రీలకు నెలసరికి ముందు దినములలో ఆయాసము హెచ్చును. అది నటన కాదు, పని తప్పించుకొను నుపాయమును కాదు. అయినను సర్వమును హార్మోనులపై నెట్టరాదు. బాల్యమున మగపిల్లల శ్వాసనాళములు కొంత ఇఱుకు. కట్టెల పొయ్యి పొగయో, వంటయింట నుండు స్త్రీలకే యెక్కువ.

కాన్పు ఔషధమా? గర్భవతులలో ఇంచుమించు మూడవవంతు మందికి ఉబ్బసము తగ్గును, మూడవవంతు మందికి హెచ్చును, తక్కినవారికి మాఱదు. కావున రోగము కుదురునని పిల్లకు పెండ్లి తొందరపెట్టుట అవివేకము. అంతకంటె ప్రమాదమేమనగా, బిడ్డకు హాని యని గర్భవతిచే పీల్చెడి మందు మాన్పించుట. తల్లికి ఊపిరి యాడనిచో గర్భస్థ శిశువునకును ప్రాణవాయువు తగ్గును. వైద్యుడు చెప్పక మందు మానరాదు. మగపిల్లవానికి తగ్గినను, పెద్దతనమున మఱల రావచ్చును. వానిని కూడ గమనింపవలెను.

మా గొలుగొండ వంటి యూళ్లలో కోడలిని నర్సీపట్నపు ప్రభుత్వాసుపత్రికి పంపుటయా, మానుటయా యనునది తఱచు ఇంటి పెద్దల మాటపై నిలుచును. ఆ మాట మీది. వంటయింటికి పొగగూడు పెట్టింపుడు. కోడలు రాత్రి కూర్చుండి రొప్పుచున్నచో, మాటాడుటకును ఊపిరి చాలకున్నచో, తెల్లవాఱువఱకు వేచియుండక ఆ క్షణముననే ఆసుపత్రికి చేర్పుడు.